పగిలిపోయిందా, పగలగొట్టావా?

స్పెయిన్‌లోని సెవియాలో రాత్రి తొమ్మిదిన్నర అయితే టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో మధ్యాహ్నం రెండున్నర. క్రితం ఏడాది సెప్టెంబర్‌లో సరిగ్గా ఆ టైముకి నేను ఆఫీసు మీటింగుల మధ్య ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. మా అమ్మాయి రాత్రి భోజనానికి లేవబోతూ ఏడుపు గొంతుతో ఫోన్ చేసేది అప్పుడే. కాలేజీలో మూడో ఏడు, ఒక సెమిస్టర్ అక్కడ. ఉండేది హాస్టల్లో కాదు, అపార్ట్‌మెంట్‌లోనూ కాదు. డెబ్బై దాటిన ఒక ఒంటరి పెద్దావిడ ఇంట్లో. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

పిల్లలు ఇలా ఒక సెమిస్టర్ విదేశంలో చదవడానికి మీలో చాలామంది ఇంటికి ఈ ఏడో పై ఏడో ఒక ఫారం వస్తుంది. అందులో రెండు గళ్ళుంటాయి. తోటి పిల్లలతో అపార్ట్‌మెంటా, ఆ ఊరి కుటుంబంతోనా అని. నేను చెప్పేదల్లా ఒకటే. పిల్లల్ని రెండో గడిలో టిక్ పెట్టనివ్వండి. పెట్టాక ఒక మూడు వారాలు ఆ ఇంటి వ్యవహారాల్లో వేలు పెట్టకండి. టిక్ పెట్టనివ్వడం తేలికే, వేలు పెట్టకపోవడమే కష్టం. నా వల్ల కాలేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ప్రయాణానికి ముందు మా ఇంట్లో పెద్ద వెతుకులాట నడిచింది. స్పెయిన్‌లో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని. తవ్వగా తవ్వగా మా ఆయన మేనమామ కొడుక్కి తోడల్లుడు ఒకాయన మాడ్రిడ్‌లో తేలాడు. అక్కడినుంచి సెవియా హైస్పీడ్ రైల్లో రెండున్నర గంటలు. హమ్మయ్య అనుకుని నంబరు రాసుకున్నాం. ఆ నంబరు అమ్మాయి ఇంతవరకూ నొక్కలేదు.

మనవాళ్ళ కోసం ఆ వెతుకులాట ఎందుకో నాకు తెలుసు. 1998లో నేను ఎం.ఎస్.కి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చింది మనవాళ్ళే. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలం. దిగిన రాత్రే కుక్కర్ కూసింది. సోమవారం ఎవరి వంట, మంగళవారం ఎవరి గిన్నెలు అని ఫ్రిజ్ మీద చార్టు. ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను. కానీ ఒక అమెరికన్ ఇంటి వంటింట్లో నేను మొదటిసారి అడుగుపెట్టింది వచ్చిన నాలుగేళ్ళకి, కొలీగ్ బేబీ షవర్‌కి వెళ్ళినప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ టెక్సస్‌లో ఎటు వెళ్ళినా స్పానిష్ వినపడుతూనే ఉంటుంది. మా పెరట్లో గడ్డి కోసే ఆయన పన్నెండేళ్ళుగా వస్తున్నాడు. వాళ్ళింట్లో రాత్రికి ఏం తింటారో నాకు తెలియదు.

మా అమ్మాయి స్కూల్లో నాలుగేళ్ళు స్పానిష్ చదివింది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో అయిదుకి 5 వచ్చింది. ఆ ధైర్యంతో దిగింది. దిగిన రోజు ఆవిడ మాట్లాడింది ఏమీ అర్థం కాలేదు. సెవియా ఉన్న ఆండలూసియా ప్రాంతం వాళ్ళు మాటల చివర సకారాన్ని మింగేస్తారట. 'మాస్ ఓ మేనోస్' అని పుస్తకంలో ఉన్నది వాళ్ళ నోట్లో 'మా ఓ మేనో' అయిపోతుంది. చేపని 'పెస్కాదో' అని నేర్చుకుంటే వాళ్ళు 'పెస్కావ్' అంటారు. పుస్తకంలో తెలుగు నేర్చుకున్నవాణ్ణి తీసుకెళ్ళి శ్రీకాకుళం సంతలో వదిలినట్టన్నమాట. (శ్రీకాకుళం వాళ్ళు కోప్పడకండి, నా పుట్టిల్లు విజయనగరం.) పైగా పెద్దావిడ కదా అని ఇది మర్యాదగా 'ఉస్తేద్' అని, అంటే 'మీరు' అని పిలిస్తే, 'నేనంత ముసలిదాన్లా ఉన్నానా?' అని ఆవిడ మూతి ముడుచుకుందట. ఇరవయ్యేళ్ళు నేను 'అత్తయ్యని నువ్వు అనకూడదమ్మా, మీరు అనాలి' అని నెత్తీ నోరూ కొట్టుకున్నది ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరైంది.

అసలు గొడవ తిండి దగ్గర వచ్చింది. ఫారంలో వెజిటేరియన్ అని రాశాం. మొదటి రాత్రి ఆవిడ పప్పు వండింది. లెంతేహాస్ అంటారు, గోధుమరంగు మసూర్ లాంటిది. అందులో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ముక్కలు వేసి ఉడికించి, వడ్డించేటప్పుడు ముక్కలు మాత్రం జాగ్రత్తగా ఏరేసింది. మాంసం తీసేశాను కదా అని ఆవిడ ఉద్దేశం. రెండో రోజు కూర మీద ఎర్రగా ఏదో చల్లి ఉంది. ఏమిటని అడిగితే 'మాంసం కాదు, హామోన్' అంది. పంది తొడ మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి నెలల తరబడి ఆరబెట్టి చేసేదాన్ని హామోన్ అంటారు. అక్కడ చాలామంది లెక్కలో అది మాంసంలోకి రాదు, రుచి కోసం వేసేది, మనం ఇంగువ వేసినట్టు. మూడో రోజు సలాడ్‌లో ట్యూనా. మూడు రోజులు పిల్ల రొట్టె, గాస్పాచో అనే చల్లటి టమాటా సూపు తప్ప ఏమీ ముట్టలేదు.

నేను ఊరుకుంటానా? ప్రోగ్రామ్ వాళ్ళ ఆఫీసుకి మెయిల్ కొట్టాను. మా అమ్మాయి పస్తులుంటోంది, వెంటనే ఇల్లు మార్చండి, అపార్ట్‌మెంట్ ఇవ్వండి అని. భద్రతకు సంబంధించిన విషయమైతే అదే రోజు మారుస్తామని, తక్కినవాటికి మూడు వారాలు ఆగాలని చాలా మర్యాదగా జవాబు వచ్చింది. ఆ మర్యాదకి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఈలోపు నేనే గూగుల్‌లో స్పానిష్ ఉత్తరం తయారుచేసి, 'ఇది ఆవిడకి చూపించు' అని అమ్మాయికి పంపాను. 'వద్దమ్మా, ప్లీజ్' అంది. ఆ 'ప్లీజ్' నాకు అప్పుడు అర్థం కాలేదు.

అది చేసిందేమిటంటే, ఒక కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. నీ హామోన్, నీ చోరీసో, నీ అతూన్. అంటే హామోనూ వద్దు, చోరీసో వద్దు, ట్యూనా వద్దు. ఒక్కొక్కటీ ఇది చెప్పడం, ఆవిడ 'అదీ తినవా!' అని గుండెల మీద చెయ్యేసుకోవడం, ఇది రాయడం. చికెన్ స్టాక్ దగ్గర కాసేపు వాదన జరిగిందట. ఆ కాగితాన్ని ఆవిడ ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించింది. మర్నాడు బజారుకెళ్ళి పాలకూర తెచ్చి, కాబూలీ శనగలతో కూర చేసింది. వేయించిన రొట్టె, వెల్లుల్లి, జీలకర్ర కలిపి దంచి అందులో వేస్తారు. సెవియాలో అది పాతకాలం నుంచీ ఉన్న వంట. 'అమ్మా, తలుపు తీసేసరికి మన తాలింపు వాసన' అని ఆ రాత్రి ఫోన్. నా ఉత్తరం చూపించి ఉంటే ఆవిడకి ఒక ఫిర్యాదు చేరేది, ఫ్రిజ్ మీదికి ఆ కాగితం ఎక్కేది కాదు.

రెండో వారం ఫిర్యాదులు వేరే రకం. ఇల్లంతా పగలే చీకటి అంది. కిటికీలకి బయటివైపు చుట్ట చుట్టే తలుపులుంటాయి, పెర్సియానాలంటారు. పొద్దున పదింటికే ఆవిడ అవి దించేస్తుందట. 'ఆవిడ డిప్రెషన్‌లో ఉందేమో అమ్మా' అని నా కూతురి అనుమానం. సెప్టెంబర్‌లో కూడా సెవియాలో 35 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో మా ఇంట్లో మా నాన్నమ్మ చేసింది అదే పని. కిటికీలు బిగించి, గడప దగ్గర నీళ్ళు చల్లి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకునేది. బట్టలు డ్రయ్యర్‌లో కాదట, డాబా మీద తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేస్తారట, తన లోపలి బట్టలు కూడా ఊరందరికీ కనపడేట్టు! వాషింగ్ మెషీన్ అర్ధరాత్రి దాటాకో శనాదివారాల్లోనో వేస్తుందట, అప్పుడు కరెంటు చవక కాబట్టి. ఇంట్లో చెప్పుల్లేకుండా నడిస్తే మాత్రం జలుబు చేస్తుందని తిడుతుందట. చెప్పులు గుమ్మం బయట విప్పమని నేను పెంచిన పిల్ల, పాపం.

ఒకరోజు స్నానం మధ్యలో షవర్‌లో వేడినీళ్ళు ఆగిపోయాయి. తల నిండా షాంపూ. గ్యాస్ అయిపోయింది. అక్కడ పైపు గ్యాస్ లేని ఇళ్ళలో ఇప్పటికీ నారింజరంగు సిలిండర్లే. ఒక్కొక్కటి 12.5 కిలోల బ్యూటేన్. మన ఎర్ర సిలిండర్‌లో 14.2. తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే, ఆవిడ వరండాలోంచి రెండో సిలిండర్ ఈడ్చుకొస్తోందట. ఇద్దరూ కలిసి బిగించారు. ఇది చెబుతూ అమ్మాయి ఏదో ఆఫ్రికా అడవి సాహసంలా వర్ణిస్తోంది. ఖాళీ అయితే సిలిండర్ పక్కకి ఒరగబెట్టి ఊపి చూసేవాళ్ళమని నేను చెబితే నమ్మలేదు. పిల్లలకి మన సంస్కృతి నేర్పాలని పదిహేనేళ్ళు ప్రతి శనివారం ముప్పై మైళ్ళు కారు నడిపాను. నేను పెరిగిన ఇల్లు ఎలా ఉండేదో మాత్రం దానికి సెవియాలో తెలిసింది.

ఇక గ్లాసు సంగతి. మూడో వారం. గిన్నెలు తుడుస్తుంటే చేతిలోంచి గ్లాసు జారి ముక్కలైంది. అమ్మాయి కంగారుగా 'నేను గ్లాసు పగలగొట్టాను, సారీ' అని స్పానిష్‌లో చెప్పింది. ఇంగ్లీషులో అయితే అంతే కదా. ఆవిడ చీపురు తెస్తూ, 'అలా అనకూడదు, నువ్వేం కావాలని విసిరికొట్టలేదుగా' అని వాక్యం దిద్దిందట. 'సే మే ఆ రోతో.' మాటకి మాటగా చూస్తే, 'అది నాకు పగిలిపోయింది' అని. అది ఫోన్‌లో నాకు చెబుతూ ఒక్కక్షణం ఆగింది. 'అమ్మా, నువ్వు కూడా ఇలాగే అడుగుతావు కదా, పగిలిపోయిందా, పగలగొట్టావా అని?'

అడుగుతాను. ప్రతి తెలుగు తల్లీ అడుగుతుంది. ఆ ప్రశ్నలో ఒక వ్యాకరణ పాఠం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ తర్వాత దానికి అదే పిచ్చి పట్టుకుంది. 'మే గుస్తా' అంటే నాకు నచ్చింది. 'మే దువేలే లా కబేసా' అంటే నాకు తల నొప్పిగా ఉంది. నచ్చేదీ నొప్పెట్టేదీ 'నాకు', 'నేను' కాదు. క్లాసులో అమెరికన్ పిల్లలు 'నేను' ఎక్కడ పెట్టాలా అని తన్నుకుంటుంటే, వీళ్ళ అమ్మమ్మ భాష మనసులో అనుకుని చెబితే సరిపోతోందట. తెలుగులో మూడు మాటలు కలిపి మాట్లాడమంటే మొహం తిప్పుకునే పిల్ల, స్పానిష్ హోంవర్క్ కోసం నాకు ఫోన్ చేసి 'దీన్ని తెలుగులో ఎలా అంటారు' అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం కడుపులో మండింది కూడా.

మా అసోసియేషన్ పిక్నిక్‌లో ఇదంతా చెబితే ఒకావిడ అంది, 'డబ్బులు తీసుకుని ఉంచుకునేవాళ్ళకి ప్రేమేముంటుందండీ?' అని. నిజమే, అది ఆవిడ ఆదాయం. వారానికి ఎన్ని భోజనాలు, ఎన్ని ఉతుకులు, రాత్రి స్నేహితుల్ని తీసుకురావచ్చా లేదా, అన్నీ ఒప్పందంలో ఉంటాయి. నాకు నచ్చింది అదే. మాడ్రిడ్‌లో మన బంధువు ఇంట్లో ఉంటే మొహమాటం. ఉప్పెక్కువైందని చెప్పలేం, పిన్ని బాధపడుతుందని. చెబితే ఆ సంగతి మూడు ఖండాలు తిరిగి మా అత్తగారికి చేరుతుంది. ఇక్కడ పిల్ల హామోన్ వద్దని మొహం మీద చెప్పగలిగింది, ఆవిడ చెప్పులేసుకోమని మొహం మీద తిట్టగలిగింది. అన్ని ఇళ్ళూ ఇలా ఉంటాయని కాదు. వీళ్ళతోనే వెళ్ళిన ఇంకో అమ్మాయికి సాయంత్రం అయిదు దాటితే వంటింటికి తాళం వేసే ఇల్లు దొరికింది. ఆ పిల్ల నాలుగో వారం ఇల్లు మారింది, తనే మాట్లాడుకుని. అక్కడ కూడా అమ్మ ఫోన్ చేయలేదు.

నాకు నిజంగా గుచ్చుకున్నది ఇంకొకటుంది. అక్కడ మధ్యాహ్నం మూడింటికి పెద్ద భోజనం. తినడం అయిపోయాక ఎవరూ లేవరు. కంచాలు పక్కకి జరిపి గంటసేపు కబుర్లు. దానికి సోబ్రెమేసా అని పేరు కూడా ఉంది. మొదటి వారం మా అమ్మాయి తిన్న వెంటనే కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోబోతే, ఆవిడ కుర్చీ చూపించి 'ఎక్కడికి?' అందట. దీనికి అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఫ్రిస్కోలో మా ఇంట్లో ఒకరు వంటింటి మధ్య గట్టు దగ్గర నిలబడి తింటాం, ఒకరు ల్యాప్‌టాప్ ముందు, ఒకరు ప్లేటు పట్టుకుని మేడ మీదికి. ఎనిమిది కుర్చీల డైనింగ్ టేబుల్ మీద అమెజాన్ పెట్టెలుంటాయి.

అక్టోబర్ మొదట్లో ఒకరోజు ఆ సోబ్రెమేసా టైములోనే గ్రూప్ వీడియో కాల్ పెట్టింది. తెనాలిలో సాయంత్రం ఏడు, మా అత్తగారు దీపం పెట్టి వచ్చి కూర్చున్నారు. ఫ్రిస్కోలో పొద్దున్న ఎనిమిదిన్నర, నేను కారులో. అమ్మాయి బాల్కనీలోంచి ఫోన్ కిందికి తిప్పి వీధి చూపించింది. సెవియా వీధుల పొడుగునా నారింజ చెట్లే. నారాన్హా అంటారంది. 'నారింజే కదే, కొత్తగా చెబుతావేంటి' అన్నారు మా అత్తగారు. మన దేశం నుంచి పారసీ, అరబ్బీ మీదుగా ఆ మాట స్పెయిన్ దాకా వెళ్ళిందని దానికి ప్రొఫెసర్ చెప్పాడట. మా అత్తగారు ఆ చరిత్ర పట్టించుకోలేదు. కాయలు దగ్గరగా చూపించమన్నారు. ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఇవి చేదు నారింజలు, ఊరికే తినరు, ఇంగ్లండ్ వాళ్ళు మార్మలేడ్ చేసుకోవడానికి పట్టుకుపోతారు అని ఆ ఇంటి పెద్దావిడ, సెన్యోరా, వెనకనుంచి చెబుతుంటే అమ్మాయి అటూ ఇటూ అనువాదం చేస్తోంది.

'పంచదారలో ఉడకబెట్టడమేంటి, అచ్చం మన నారదబ్బకాయల్లా ఉంటేనూ' అన్నారు మా అత్తగారు. 'పులిహోరకి బ్రహ్మాండంగా ఉంటాయి. ఆవిడకి ఎలా చెయ్యాలో చెప్పు.'

'అర్రోస్...' అని మొదలుపెట్టి మా అమ్మాయి ఆగిపోయింది. అన్నం దాకా వచ్చింది, పోపు దగ్గర మాట లేదు. సెన్యోరా కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. అమ్మాయి పెన్ను కోసం లేచింది.