లాయర్‌కి చెప్పిందంతా రహస్యమేనా?

"లాయర్ దగ్గర ఏం దాచక్కర్లేదు, ఏదీ బయటికి రాదు" అని జనం గుడ్డిగా నమ్ముతారు. రక్షణ ఉన్న మాట నిజం, గట్టి రక్షణే. కానీ దానికి హద్దులున్నాయి. వకాలత్ మీద సంతకం తీసుకునే రోజే వాటిని విడమరిచి చెప్పని లాయర్ల మీదే నా కోపం.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్ బదులు భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ అమల్లో ఉంది. క్లయింట్ ఒప్పుకోకుండా అతను చెప్పిందీ, తాను ఇచ్చిన సలహా కూడా లాయర్ బయటపెట్టకూడదు. కేసు ముగిసినా ఈ బాధ్యత తీరదు. గుమస్తాకూ, దుబాసీకీ, ఆఫీసు ఉద్యోగులకూ ఇదే కట్టుబాటు.

ఇక మినహాయింపులు. "ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అంటే అది రహస్యమే. "ఈ ఫోర్జరీ దస్తావేజుతో దావా వేసి స్థలం ఇప్పించండి" అంటే కాదు, ఎందుకంటే అది జరగబోయే మోసానికి సాయం అడగడం. కేసు పట్టాక జరిగిన నేరమో మోసమో లాయర్ కంటపడితే దానికీ రక్షణ లేదు. నిధులు కాజేసిన కేసులో, మొదట లేని పద్దు క్లయింట్ ఖాతా పుస్తకంలో తర్వాత కనబడిందనుకోండి, లాయర్ గమనించిన ఆ సంగతి రహస్యం కిందికి రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది కాగితాల దగ్గర. లాయర్ బీరువాలో పెడితే పత్రం భద్రం అనుకుంటారు. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: లాయర్ దగ్గరున్న పత్రాల దాఖలుకు 132 అడ్డురాదు. క్రిమినల్ కేసులో వాటిని కోర్టులోనే దాఖలు చేయాలి. ఫోన్, ల్యాప్‌టాప్ వంటివైనా అంతే. కోర్టు క్లయింట్‌కు నోటీసిచ్చి అభ్యంతరాలు వినాలి, తెరవాల్సివస్తే అతనూ లాయరూ ఉండగానే తెరవాలి, ఆ లాయర్ మిగతా క్లయింట్ల సమాచారం జోలికి పోకూడదు.

అదే తీర్పు దర్యాప్తు అధికారులకూ ముకుతాడు వేసింది. కేసు వివరాల కోసం లాయర్‌కు సమన్లు పంపకూడదు. మినహాయింపు కిందికి వస్తుందంటే, ఏ వాస్తవాల వల్లో సమన్లలోనే రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని పై అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లాయర్‌ని బెదిరించి క్లయింట్ గుట్టు లాగే పద్ధతికి ఈ అడ్డుకట్ట ఎప్పుడో పడాల్సింది.

మరి నల్లకోటు వేసుకున్నవాళ్లే బార్ రూములో, టీవీ చర్చల్లో క్లయింట్ సంగతులు మాట్లాడితే? బార్ కౌన్సిల్ నియమాల్లో 17వది దాన్ని సూటిగా నిషేధిస్తోంది. సలహా ఇచ్చిన కేసులోనే అవతలి పక్షానికి హాజరవడాన్ని 33వది నిషేధిస్తోంది. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట బిగబట్టడమూ తప్పేనని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఇలాంటివి జరిగితే న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. ఏడాదిలో తేల్చకపోతే అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది.