తీగకు వేలాడే గబ్బిలం గారికి

మహారాజశ్రీ మెక్సికో రబ్బరు గబ్బిలం గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ స్టూడియో గోడౌన్లో, ఏ రేకు పెట్టె అడుగున, ఎన్ని రెక్కలతో ఉన్నారో తెలియపరచ ప్రార్థన. అసలు ఉన్నారనే నమ్మకం మాకు పెద్దగా లేదు. లేటెక్స్ రబ్బరు సంగతి తెలిసిందే కదా. షూటింగు లైట్ల వేడికి ముందు గట్టిపడుతుంది, తరవాత పగుళ్లిస్తుంది, చివరికి వేలు తగిలితే అప్పడంలా విరుగుతుంది. అయినా రాస్తున్నాం. చచ్చినవాళ్లు లేచి రావడం తమరి సినిమాల్లో వింతేమీ కాదు.

ముందు ఫిర్యాదు. 1957లో మెక్సికో వాళ్లు తీసిన రక్తపిశాచి సినిమా 'ఎల్ వాంపిరో'లో తమరు చేసిన నిర్వాకం గురించి.

డైరెక్టరు ఫెర్నాండో మెండెస్. డబ్బు పెట్టింది ఆబెల్ సలాసార్, హీరో వేషం కూడా ఆయనదే. కెమెరా రొసాలియో సొలానో. సెట్లు గుంతర్ గెర్సోవి. మెక్సికో ఆధునిక చిత్రకళలో పెద్దల వరసలో చెప్పుకునే మనిషి ఆయన, పొట్ట కోసం సినిమా సెట్లు వేశాడు. పాడుబడ్డ జమీందారీ బంగళా, బారెడు సాలెగూళ్లు, గోడల మీద కొమ్మల నీడలు, నేలబారున పాకే పొగ. హంగరీ మట్టి నింపిన పెట్టె ఒకటి మారుమూల రైలు స్టేషన్లో దిగుతుంది. హెర్మన్ రోబ్లెస్‌కు అదే మొదటి సినిమా. నల్ల అంగీ కప్పుకుని, రక్తం తాగే కౌంట్ లావుద్‌గా కోరలు బయటపెడతాడు. ఇంగ్లండులో క్రిస్టఫర్ లీ డ్రాకులాగా కోరలు చూపించింది ఆ మరుసటి ఏడు. ఈ కౌంటు ఊళ్లో దువాల్ పేరుతో చలామణీ అవుతుంటాడు. తిరగేసి చదివితే లావుద్. మన లిపిలో తిరగదు గానీ వాళ్ల అక్షరాల్లో తిరుగుతుంది. మారువేషం మొత్తం అంతే.

ఇంతమంది ఇంత ఓపిగ్గా భయాన్ని ఇటుక ఇటుకగా పేర్చి పెట్టారు. సరిగ్గా అప్పుడు తమరు వేంచేశారు, గాలానికి చిక్కిన బొమ్మిడాయిలా ఊగుతూ. తల మీద తెల్లగా మెరిసే తీగ.

తమరిని తిట్టి ఏం లాభం? తప్పు పొగది. పొగ కంటికి ఆనాలంటే వెనక నుంచి లైటు కొట్టాలి. ముందు నుంచి కొడితే అది పొగలా ఉండదు, ఉతకని దుప్పటిలా ఉంటుంది. ఆ వెనక లైటే తీగ మీదా పడుతుంది. తీగ నున్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఏదో ఒక వైపు నుంచి తళుక్కుమంటుంది. అంటే పొగ అందంగా ఉన్నంతసేపూ తమరి బండారం బయటే. తీగను దాచాలంటే పొగ అందం చావాలి. మెక్సికో కెమెరామన్లు పొగ వైపే నిలబడ్డారు. వాళ్లది మంచి నిర్ణయమని మా అభిప్రాయం.

ఉపాయాలు లేకపోలేదు. తీగకు మెరుపు లేని నల్లరంగు పూసి ఆరబెట్టాలి. ఆరాక వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట మళ్లీ మెరుస్తుంది. తమరి దారి పొడుగునా వెనక చీకటి గోడ ఉండాలి, కిటికీ గానీ చందమామ గానీ అడ్డు రాకూడదు. కానీ గబ్బిలం కిటికీలోంచి రాకపోతే ఇంకెక్కణ్ణుంచి వస్తుంది, వంటింటి గొట్టంలోంచా? షాటు ఒక్క సెకను, అంటే 24 ఫ్రేములు దాటకూడదు. రెండో సెకనులో ప్రేక్షకుడి కన్ను తమరిని వదిలేసి తీగ పట్టుకుని పైకి పాకుతుంది.

ఎన్ని తీగలన్నది ఇంకో తలనొప్పి. ఒక్కదానికి వేలాడదీస్తే బొంగరంలా తిరిగి, హీరోయిన్ని భయపెట్టాల్సిన క్షణంలో ఆవిడకు వీపు చూపిస్తారు. భుజానికొకటి చొప్పున రెండు కడితే తిరగడం ఆగుతుంది, ఉయ్యాల మొదలవుతుంది. మూడు కడితే బుద్ధిగా వస్తారు గానీ దాచాల్సినవి మూడు. రెక్కలు ఆడాలంటే ఎలాస్టిక్ తాడు వేసి పైనుంచి కుదపాలి. ఒళ్లు పైకి లేస్తుంది, పల్చటి రెక్క వెనకబడి కిందికి వాలుతుంది, ఒళ్లు కిందికి రాగానే రెక్క పైకి లేస్తుంది. దానికే ఎగరడమని పేరు. రెక్క కాస్త మందమైందా, ఇక తమరికీ వానలో గొడుగుకూ తేడా ఉండదు.

తమరు మనిషిగా మారే ఘట్టమైతే మరీను. కెమెరాను స్టాండుకు బిగించేస్తారు. తమరిని శవపేటిక వెనక్కి దించుతారు. కెమెరా ఆపుతారు. తమరిని ఎవరో తోక పట్టి లాగేసి, అక్కడ నటుణ్ణి కూర్చోబెడతారు. కెమెరా నడవగానే ఆయన లేచి నిలబడతాడు. అతుకు దగ్గర ఎవరి మోచెయ్యి తగిలి కెమెరా వెంట్రుక వాసి కదిలినా గోడంతా ఉలిక్కిపడుతుంది. కెమెరా కదలకపోయినా పొగ ఊరుకోదు. ఆపిన క్షణంలో అది ఒక ఆకారంలో ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టే సరికి ఇంకో ఆకారం. మారాల్సింది గబ్బిలం, మారేది పొగ. అందుకే తెలివైనవాళ్లు అక్కడ హీరోయిన్ కేక ఒకటి అతికిస్తారు. మనం ఆవిణ్ణి చూసి వెనక్కి తిరిగే లోపల కౌంటు గారు అంగీ సర్దుకుంటూ ఉంటారు.

ఇంత జరుగుతున్నా ఆ తెరలో ఒక్కరూ నవ్వరు. అదీ అసలు విషయం. తమరిని చూసి పెద్దావిడ మూర్ఛపోతుంది, డాక్టరు కంగారుపడతాడు, నౌకరు సిలువ దిద్దుకుంటాడు. కన్ను కొట్టి 'మాకూ తెలుసులెండి' అనేవాడు లేడు. ఇప్పుడు అర్ధరాత్రి ప్రదర్శనలు పెట్టి, పాప్‌కార్న్‌తో పాటు వెక్కిరింత కూడా తెచ్చుకునే జనం ఈ సంగతి గమనించరు. పావుగంట పగలబడి నవ్వాక వాళ్లకే విసుగొస్తుంది. తెర మీద ఉన్నవాళ్లకు రాదు. విఠలాచార్య సినిమాల్లో అస్థిపంజరం డాన్సు చేస్తుంటే నోరు తెరుచుకుని చూసిన వాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

తమరి బంధుమిత్రుల విషయానికొస్తే, అందరిలోకీ మాకు ముద్దొచ్చేది 1962 నాటి 'ఎల్ బారోన్ దెల్ తెర్రోర్'. డైరెక్టరు చానో ఉరుఎతా. 1661లో చర్చి మత విచారణ సభ వాళ్లు బారన్ వితేలియస్‌ను కాల్చి చంపుతారు. 300 ఏళ్లకు తోకచుక్కతో పాటు తిరిగొచ్చి మీ వంశాలను పట్టుకుంటానని శపిస్తాడు. పెట్టిన వాయిదాకు ఠంచనుగా దిగుతాడు. వేషం మళ్లీ మన ఆబెల్ సలాసారే. కోపం వస్తే ఆయన తల వెంట్రుకల రబ్బరు బుర్రగా మారి, కమ్మరి తిత్తిలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. కొనలో చీలిన పొడుగాటి నాలుక చాపి మనుషుల మెదళ్లు జుర్రుకుంటాడు. ఇంతవరకూ ఏ రాక్షసుడైనా చేస్తాడు. ఈయన మిగిలినది పారేయడు. మూత పాత్రలో దాచి, విందుకు పిలిచిన అతిథులను కబుర్లలో పెట్టి, లోపలికొచ్చి చెంచాతో రెండు ముద్దలు తిని, మూతి తుడుచుకుని వెళ్తాడు. పచ్చడి జాడీ దగ్గరికి చాటుగా పోయే షుగరు పేషెంటులా ఉంటాడు. సిగ్గూ అదే, తృప్తీ అదే.

ఎవరినైనా వశం చేసుకోవాలంటే ఆయన కదలడు. ఎదురుగా లైటొకటి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. స్విచ్చు దగ్గర కూర్చున్న మనిషికి బారన్ కన్నా ఎక్కువ నటన ఉంది. ఊరికి బయట సీన్లు చాలావాటికి సెట్లే లేవు. ఫొటోను పెద్దది చేసి వెనక తెర మీద పడేసి, దాని ముందు నటులను నిలబెట్టారు. ఫొటోలో వెలుగు ఒక వైపు నుంచి, నటుల మీద ఇంకో వైపు నుంచి. గాలికి ఇక్కడి జుట్టు కదులుతుంది, అక్కడి ఆకు కదలదు. దానివల్ల బొమ్మకో విచిత్రమైన మౌనం వచ్చింది. కావాలని ప్రయత్నించినా అంత బాగా రాదు. చివరికి మఫ్టీలో ఉన్న పోలీసులు నిప్పులు కక్కే గొట్టాలతో వచ్చి పని ముగిస్తారు. అవి వాళ్ల దగ్గర ఎందుకున్నాయని అడక్కూడదు.

తమరి పేరు వాడుకున్నవాడొకడున్నాడు, తెలుసా? అజ్‌టెక్ మమ్మీ సినిమాల విలన్ డాక్టర్ క్రుప్. మారుపేరు 'ఎల్ ముర్సియెలాగో', అంటే స్పానిష్‌లో గబ్బిలం. రఫాయేల్ పోర్తియో వరసగా మూడు తీశాడు. మూడోది 1958 నాటి 'లా మోమియా అజ్‌తేకా కొంత్రా ఎల్ రోబోత్ ఉమానో'. అందులో బోలెడు సేపు మొదటి రెండు సినిమాల ముక్కలే, ఒకాయన కూర్చుని గతం చెబుతూ ఉంటాడు. మమ్మీకీ రోబోకీ కొట్లాట చూద్దామని వచ్చినవాడికి అది ఆఖరి నిమిషాల్లో దొరుకుతుంది. ఎదురుచూసిన సేపుతో పోలిస్తే తుమ్మంత.

వెండి ముసుగు సాంతో గారితోనూ తమరికి పరిచయముంది. అసలు పేరు రొదోల్ఫో గుస్మాన్ హుయెర్తా. 1942 నుంచి కుస్తీ బరిలో ఆ ముసుగు, ఆ పైన 50కి పైగా సినిమాలు. 1962 నాటి 'సాంతో కొంత్రా లాస్ ముహేరెస్ వాంపిరో'లో బరి మధ్యలో ప్రత్యర్థి ముసుగు లాగితే లోపల తోడేలు మొహం! పోలీసులు తుపాకులు తీసేలోపు వాడు తమరై ఎగిరిపోతాడు. హాలు నిండా జనం, ఒక్కడు కూడా టికెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. సాంతో సూటూ బూటూ వేసుకున్నా ముసుగు తియ్యడు, దాని గురించి ఎవరూ అడగరు. 1984 జనవరిలో టీవీలో కాస్త మొహం చూపించాడు, ఫిబ్రవరి 5న పోయాడు. ముసుగుతోనే పాతిపెట్టారు. సాంతో సినిమాల్లో కుస్తీ పోటీ వస్తే టీ పెట్టుకోవచ్చు, పాట వస్తే తాగొచ్చు. కథ కదలకుండా అక్కడే కూర్చుని ఉంటుంది.

1969లో వచ్చిన 'సాంతో ఎన్ ఎల్ తెసోరో దె ద్రాకులా'లో ఆయన కాలయంత్రం కూడా కనిపెట్టాడు. ఆ సినిమా రెండు రకాలుగా తయారైంది. మెక్సికో జనానికి నలుపు తెలుపులో, అందరూ బట్టలు వేసుకుని. ఎగుమతికి రంగుల్లో, కొందరు వేసుకోకుండా. సాంతో మాత్రం రెండింట్లోనూ ముసుగు తియ్యలేదు. మర్యాదంటే అదీ.

కొన్ని సినిమాల్లో అరగంటకోసారి కథ అయిపోయి మళ్లీ మొదలవుతుందేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అది రచయిత తప్పు కాదు, యూనియన్ల తగాదా. అప్పట్లో పూర్తి నిడివి సినిమాలు తీసే హక్కు ఒక యూనియన్‌ది. ఎస్తూదియోస్ అమెరికా అనే మెక్సికో స్టూడియోలో పనిచేసే ఇంకో యూనియన్ చిన్న చిత్రాలకే పరిమితం. వాళ్లు అరగంట ముక్కలు మూడు తీశారు, అది చట్టం. మూడూ కలిపి అతికించారు, అది సినిమా. నోస్త్రదామస్ పేరుతో రోబ్లెస్ మళ్లీ కోరలు పెట్టుకున్న సీరియల్ 12 భాగాలు, థియేటర్లకు నాలుగు సినిమాలుగా చేరింది. వాటిని ఒక్క రాత్రిలో చూడబోయినవాడు మూడో సినిమాకు విలన్ పక్షం చేరతాడు.

తమరు అమెరికా వెళ్లొచ్చిన వైనం క్లుప్తంగా. ఫ్లోరిడాలో కె. గోర్డన్ మర్రీ అనే వ్యాపారి ఈ సినిమాలు కొని, కోరల్ గేబుల్స్‌లో ఇంగ్లీషు మాటలు చెప్పించి టీవీలకూ థియేటర్లకూ అమ్మాడు. సాంతో అక్కడ శామ్సన్ అయ్యాడు. పెదవి ఎంతసేపు ఆడితే మాట అంతసేపు ఉండాలన్న పంతంతో ఒక్కో వాక్యం మెలికలు తిరిగి, అర్థం ఏ సందులోనో జారిపోతుంది. నవ్వులన్నీ ఎక్కువగా ఈ డబ్బింగు పుణ్యమే. కొత్తగా చూడబోయేవాళ్లు స్పానిష్‌లోనే, సబ్‌టైటిల్స్‌తో చూడాలి. రోబ్లెస్ గొంతు విన్నాక తీగ మీద కోపం సగం తగ్గుతుంది.

ఇక అసలు విన్నపం. 1982 మార్చి 24న మెక్సికో సిటీలో జాతీయ సినిమా భాండాగారం తగలబడి వేల రీళ్లు బూడిదయ్యాయి. మిగిలినవాటిని ఇప్పుడు 4కెలో, అంటే బాగా ఎక్కువ స్పష్టతతో, కడిగి తుడుస్తున్నారు. సంతోషమే. సొలానో నీడలు ఇన్నాళ్లకు నల్లగా కనిపిస్తున్నాయి. అయితే సన్నటి 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీసిన టీవీ ప్రింట్ల మసకలో హాయిగా దాక్కున్న తమరి తీగ కూడా తాడంత లావున కనిపిస్తోంది. కంగారుపడొద్దు.

ఇట్లు,
తమరి తీగను మొదటి ఫ్రేములోనే చూసి, పక్కవాడికి చెప్పని ప్రేక్షకులు

తా.క. కంప్యూటరుతో తీగ చెరిపేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. తీగ పోయినా ఊపు పోదు. పైన పట్టుకునేది ఏమీ లేకుండా గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతుంటే, అప్పుడు నిజంగానే భయమేస్తుంది.