మహారాజశ్రీ మంగళవారం పదకొండు గంటల వారికి

గుంటూరు నుంచి ఒక మిర్చి కొట్టు గుమస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ నిన్న మీ ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటల పది నిమిషాలు కూర్చుని వచ్చాక, ఇటువైపు కుశలం అని రాయడానికి నడుము ఒప్పుకోవడం లేదు.

తమరు పేరెంట్ ట్రైనింగ్ క్లాసు. ఏడీహెచ్‌డీ ఉన్న, అంటే కుదురూ శ్రద్ధా నిలవని పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పేది. వారానికి ఒకటి చొప్పున పది వారాలు. నిన్న నాలుగోది. "మేడం ఇవాళ రారండీ" అని ఒంటిగంటా పదికి చెప్పారు. ఆ నాలుగు ముక్కలు పొద్దున ఏడింటికి ఫోన్లో చెప్పి ఉంటే నాన్‌స్టాప్ బస్సు, వారధి మీద ట్రాఫిక్, విజయవాడ బస్టాండు నుంచి సూర్యారావుపేటకి ఆటో, సగం రోజు జీతం, అన్నీ మిగిలేవి.

మూడో క్లాసులో టైమ్ అవుట్ గురించి, అంటే తప్పు చేసిన పిల్లాణ్ణి కాసేపు ఒక పక్కన ఊరికే కూర్చోబెట్టడం గురించి చెప్పారు. పిల్లాడికి ఎన్నేళ్ళుంటే సుమారు అన్ని నిమిషాలు, అంతకు మించి కూర్చోబెట్టకూడదట. నాకు నలభై ఒకటి. ఆ లెక్కన నిన్న మీరు నా చేత ఎనభై తొమ్మిది నిమిషాలు అదనంగా చేయించారు. పైగా నేనేం తప్పు చేశానో చెప్పలేదు. అది కూడా ముందే చెప్పాలని మీరే అన్నారు.

రెండో క్లాసులో చిన్న చిన్న అల్లరిని కావాలనే పట్టించుకోకుండా వదిలేయడం నేర్పారు. ఆ విద్యలో మీ రిసెప్షన్‌ని మించినవాళ్ళు లేరు. నేను నాలుగుసార్లు కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. నాలుగుసార్లూ నన్ను చక్కగా పట్టించుకోలేదు.

మా డాక్టరు చీటీ రాసిన రోజు మెడికల్ షాపు కుర్రాడు దాన్ని తిప్పి వెనక కూడా చూశాడు. "మందేదండీ?" అన్నాడు. "మందు మేమే బాబూ" అన్నాను. అయిదేళ్ళ పిల్లాడికి మాత్ర తరవాతి సంగతి, ముందు తల్లిదండ్రులకు శిక్షణ అని డాక్టరు చెప్పాడు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లోనూ ఉన్నది ఇదేనట. ఆరేళ్ళ లోపు ఏడీహెచ్‌డీకి మొదటి వైద్యం ఇది, ఆరు దాటితే మందుతో పాటు ఇది. మా అమ్మ మాత్రం "వీడికేం రోగం, వాళ్ళ నాన్న ఇంతకంటే కోతి" అంటుంది. అందులో సగం డాక్టరూ ఒప్పుకున్నాడు. ఇది చాలావరకు వంశంలో వచ్చేదేనట.

సరే, అసలు సంగతికి వస్తాను. మంగళవారం పదకొండు గంటలు ఎవరు పెట్టారండీ?

పదకొండంటే మా యార్డులో బేరాలు తెగి కాటాలు పడే వేళ. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఎంత తూగిందో నేను రాసుకోకపోతే సాయంత్రం రైతు నా పీక పట్టుకుంటాడు. మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు, సెలవు పెడితే జీతంలో కోత. మా యార్డుకు శని, ఆదివారాలు సెలవు. తమరికీ అవే సెలవు. ఎంత పొందికో చూడండి. ఇద్దరం ఒకేసారి ఖాళీగా ఉంటాం, ఒకేసారి పనిలో ఉంటాం, కలుసుకోవడమే కుదరదు. మొదటి క్లాసులో ఏడుగురు తల్లులు, నేను ఒక్కడిని. మూడో వారానికి ముగ్గురు మిగిలాం. "పేరెంట్స్‌కి శ్రద్ధ ఉండదండీ" అని మీ వాళ్ళు అనుకోవడం నా చెవిన పడింది.

శ్రద్ధ లేకనా? ఒకామె తెనాలి నుంచి చంకలో చంటిదాన్ని వేసుకుని వచ్చేది. శ్రద్ధ లోపం మా పిల్లలకి ఉంది, మాకు లేదు. ఈ వైద్యానికి స్కానింగ్ మిషను అక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. నేర్చుకున్న మనిషి ఒకరు, ఒక గది, ఒక గంట. గుంటూరులో మేం తిరిగిన నాలుగు చోట్లా ఆ గంట దొరకలేదు. మాత్రలు అమ్మే కొట్టు సందుకొకటి ఉంది, ఆ గంట కోసం కృష్ణ దాటాలి. కరోనా అప్పుడు ఇదే క్లాసు ఫోన్లో నడిపామని మేడమే చెప్పింది. రాత్రి ఎనిమిదింటికి, పిల్లాడు పడుకున్నాక, ఇప్పుడూ ఫోన్లో పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

కోపంలో గౌరవం తప్పాను, క్షమించాలి. ఇంతకీ మిమ్మల్ని వదలలేకపోతున్నాను, అదీ చిక్కు. ఎందుకంటే మీరు చెప్పింది పనిచేస్తోంది. ఇదివరకు గుమ్మంలో నిలబడి "చెప్పులు తియ్యి, బ్యాగు పెట్టు, కాళ్ళు కడుక్కో, ఎన్నిసార్లు చెప్పాల్రా" అని ఒక్క ఊపిరిలో అరిచేవాణ్ణి. వాడికి ఆఖరిది తప్ప ఏదీ వినపడేది కాదు. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి, కూర్చుని, మొహం చూసి "చెప్పులు స్టాండులో పెట్టు" అంటున్నాను. అంతే. మనసులో అయిదు లెక్కపెడతాను. మొన్న శుక్రవారం నాలుగు దగ్గర ఉండగా పెట్టేశాడు. ఒకటి తిరగబడి ఉంది, అయినా పెట్టాడు. "చెప్పులు స్టాండులో పెట్టావే, బాగుందిరా" అన్నాను. వాడు వెనక్కి వెళ్ళి ఆ తిరగబడిన చెప్పును కూడా సరిచేశాడు. నేను చెప్పలేదండీ దాని గురించి.

నిన్నటిది పోగా ఇంకా ఆరు క్లాసులు ఉన్నాయి. స్కూలు వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఏడో వారంలో చెబుతారట. వాడి డైరీలో ఎర్రసిరా చూస్తే ఏడో వారం దాకా ఆగేలా లేదు.

మీకూ స్టార్ చార్టు గీశాను, బీరువా తలుపు మీద వాడి చార్టు పక్కనే. టైముకి మొదలైతే ఒకటి, ఫోన్ ఎత్తితే ఒకటి, మేడం రాకపోతే ముందుగా చెబితే రెండు. ప్రస్తుతం ఖాళీగా ఉంది. మావాడివి పదకొండు.

వచ్చే మంగళవారం యార్డుకు సరుకు బాగా వస్తుందంటున్నారు. క్లాసు ఉందో లేదో సోమవారం రాత్రికి ఒక మెసేజ్ పెట్టించండి. మీరు నేర్పినట్టే, ఒకసారికి ఒక్క పనే చెబుతున్నాను. అయిదు లెక్కపెడుతున్నాను కూడా.