రెండు బైకులు, ఒక నడుము

నా పెళ్లి సంబంధం పదకొండు రోజుల్లో ఖాయమైంది. నిజాంపేటలో ఫ్లాటు కొనాలన్న నిర్ణయానికి రెండు ఆదివారాలు పట్టింది, అందులో ఒకటి వానకే పోయింది. కొత్త బైకు విషయంలో మాత్రం ఇది పదో నెల. జీవితంలో ఏ నిర్ణయం ఎంత బరువైనదో దీన్నిబట్టి పాఠకులే గ్రహించగలరు.

బరిలో ఉన్నవి రెండు. ఒకటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. రెండోది కేటీఎం 390 అడ్వెంచర్. రెండూ టూరింగ్ బైకులే. టూరింగ్ బైకంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతున్నాను: పాల ప్యాకెట్టు కోసం వెళ్తున్నా సరే, సరిహద్దు దాటబోతున్నట్టు కనిపించే వాహనం. ముందు చక్రం 21 అంగుళాలు. హ్యాండిలు ఎద్దు కొమ్ములంత వెడల్పు. ముందు గద్దముక్కులాంటి రేకు ఒకటి ఉంటే ఇంకా మర్యాద.

సంబంధం అన్నాక ముందు గోత్రాలు చూడాలి కదా. మొదటిదానికి ఇంటిపేరు ఇంగ్లండుది, కాపురం మద్రాసులో. 1955లో అక్కడ మొదలైంది. ఇంగ్లండులో పుట్టింటివాళ్లు ఎప్పుడో తలుపులు మూసేశారు, దత్తు వచ్చిన కొమ్మ మాత్రం మహావృక్షమై ఇప్పుడు వాళ్ల ఊరికే బళ్లు ఎగుమతి చేస్తోంది. రెండోదాని పేరులో మూడే అక్షరాలు. ఆ అక్షరాల వెనక క్రోన్‌రైఫ్, ట్రుంకెన్‌పోల్జ్ అని ఇద్దరు మనుషులు, మాటిగ్‌హోఫెన్ అని ఆస్ట్రియాలో ఒక ఊరు. ఈ మూడూ తప్పు లేకుండా పలికినవాడికి డిస్కౌంటు ఇస్తే కంపెనీకి ఒక్క రూపాయి నష్టం రాదు. ఆ ఆస్ట్రియా ఇంటివాళ్లు 2024 నవంబరులో అప్పుల పాలై కోర్టు మెట్లెక్కితే, పుణె బజాజ్ వాళ్లు డబ్బు పోసి నిలబెట్టారు. అల్లుడి అప్పులు మామగారు తీర్చడం మన దగ్గర కొత్త కాదు కాబట్టి, ఆ విషయంలో మా ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా మనకమ్మే బండి పుట్టేది పుణె పక్కన చాకన్‌లోనే. అంటే విదేశీ బండి కావాలన్న నా చిన్ననాటి కోరిక ఒకరు చెన్నైలో, ఒకరు చాకన్‌లో తీరుస్తామంటున్నారు.

ఇక జాతకాలు. ఈ పని మా బావమరిది తీసుకున్నాడు. వాడొక ఎక్సెల్ షీటు తయారు చేశాడు. అరవై నాలుగు వరసలు, మూడు రంగులు. వాడి సొంత పెళ్లికి అతిథుల జాబితా కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు, అందుకే మా మేనమామ ఇప్పటికీ వాళ్లింటికి వెళ్లడు.

"బావా, హిమాలయన్ నలభై గుర్రాలు, కేటీఎం నలభై ఆరు. చూశావా తేడా?" అన్నాడు.

చూశాను. ఆరు గుర్రాలు. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు ఆ అదనపు ఆరింటినీ ఎక్కడ కట్టెయ్యాలో ఏ వరసలోనూ లేదు. మిగతా నలభై కూడా అక్కడ గడ్డి తింటూ నిలబడేవే.

"అలా కాదు బావా, టార్కు, అదే లాగే బలం చూడు. హిమాలయన్‌ది నలభై న్యూటన్ మీటర్లు, అయిదువేల అయిదొందల ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. దానిది ముప్పై తొమ్మిది, కానీ ఆరువేల అయిదొందల దాకా తిప్పాలి."

ఇది మాత్రం పనికొచ్చే మాటే, వెటకారం లేకుండా ఒప్పుకుంటున్నాను. ఇంజను తక్కువ తిరుగుడులోనే లాగితే, అనంతగిరి ఘాట్‌లో వెనక మనిషిని, సంచుల్ని పెట్టుకుని ఎక్కేటప్పుడు గేరు మాటిమాటికీ దించక్కర్లేదు. రెండో బండి గొంతెత్తితేగాని పాడదు, పాడితే మాత్రం అదిరిపోతుంది. ఇంత చక్కని తేడా అరవై నాలుగు వరసల్లో ఇదొక్కటే. మా బావమరిది దానికి తెలుపు రంగు వేశాడు, అంటే ముఖ్యం కాదని అర్థం.

ముఖ్యమైనది వాడి దృష్టిలో ట్యాంకు. ఒకదానిది 17 లీటర్లు, ఇంకోదానిది పద్నాలుగున్నర. లీటరుకు ఇరవై ఎనిమిది వేసుకున్నా మొదటిది 476 కిలోమీటర్లు పోతుంది, రెండోది 406. డెబ్బై కిలోమీటర్ల తేడా! ఈ డెబ్బై మీద మేమిద్దరం మూడు వారాలు వాదించుకున్నాం. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లు. రెండు బళ్లూ ఎక్కడా ఆగకుండా చేరతాయి. చేరనిది నేను. చౌటుప్పల్‌లో టీ, సూర్యాపేటలో టిఫిను, కోదాడలో మళ్లీ టీ, ఈ మూడింటి ఫలితంగా నందిగామ లోపల రెండు అత్యవసర విరామాలు. మనిషి ట్యాంకు సంగతి షీటులో లేదు. నలభై ఏడేళ్ల మగవాడి రేంజి ఎంతో ఏ కంపెనీ ప్రకటించదు, ప్రకటిస్తే టూరింగ్ బైకుల పరిశ్రమే మూతపడుతుంది.

బరువులో రెండో బండి దాదాపు పదమూడు కిలోలు తేలిక. దీన్ని ఆకుపచ్చ రంగులో చూపించి, "పదమూడు కిలోలు బావా, కొండల్లో ఎంత కలిసొస్తుందో తెలుసా?" అన్నాడు. తెలుసు. మా డాక్టరు ఆరేళ్లుగా నన్ను తగ్గమంటున్న బరువు కూడా సరిగ్గా అంతే. అది తగ్గితే బరువైన బండే తేలిక బండి అయిపోతుంది, లక్షకు దగ్గరగా మిగులుతుంది. ఈ మార్గాన్ని మేమిద్దరం వెంటనే, ఏకగ్రీవంగా తోసిపుచ్చాం.

ఇలా పరిశోధన ఎనిమిదో నెలలో ఉండగా కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బైకులకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ గీత దాటినవాటికి 40 శాతం. ఒకటి 452 సీసీ, ఇంకోటి 399. రెండూ గీతకు అవతలే. ఆ 40 శాతం గదిలో ఇంకా ఎవరెవరున్నారో చూస్తే గర్వంగా అనిపించింది: కూల్‌డ్రింకులు, జూదశాలలు, సొంత విమానాలు, విలాస నౌకలు. బైకు కొనకముందే నన్ను ప్రభుత్వం శ్రీమంతుల పంక్తిలో కూర్చోబెట్టింది. విస్తరి మాత్రం మనమే తెచ్చుకోవాలి. హిమాలయన్ ధర మూడు లక్షల గీత దాటింది, రెండో దానిది మొదట్నుంచీ దాటే ఉంది. ఇంకో రెండు నెలలు ముందే తేల్చుకుని ఉంటే ఇరవై వేలో ముప్పై వేలో మిగిలేవని మా ఆవిడ అంది. లోతైన అధ్యయనానికి ఖర్చు తప్పదని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆమెకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది.

ఇప్పుడు రోడ్ల సంగతి. టూరింగ్ బైకుకు మంచి రోడ్డు కావాలి. మా ఇంటికి కాస్త దూరంలోనే దేశం మెచ్చుకునే రోడ్డు ఉంది, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. ఎనిమిది వరసలు, గుంత ఉండదు, గేదె ఉండదు. దానిమీదికి టూవీలర్లను రానివ్వరు. నలభై ఆరు గుర్రాలైనా, నాలుగు గుర్రాలైనా, పక్కన సర్వీసు రోడ్డే గతి. బ్యాలెన్సు తప్పిన పాత మారుతి 800కు ఉన్న హక్కు, ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, యాక్సిలరేటర్ పట్టుకోకపోయినా ఒకే వేగంతో నడిపే క్రూజ్ కంట్రోల్ ఉన్న బండికి లేదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి ఫ్లైఓవర్ మీదికీ రానివ్వరు. అందువల్ల ఖాళీ రోడ్డు మీద మాత్రమే పనిచేసే క్రూజ్ కంట్రోల్‌ను నేను ఖాళీ రోడ్డు కింద నిలబడి పైకి చూస్తూ ఆస్వాదించాలి. జాతీయ రహదారుల మీద బైకులకు టోలు లేదు, అదొక్కటే మనకు దక్కిన రాజమర్యాద. కాకపోతే అక్కడ క్రూజ్ నొక్కగానే రాంగ్ రూటులో ట్రాక్టరు వస్తుంది. దాని డ్రైవరు కూడా ఒక రకంగా క్రూజ్ కంట్రోల్‌లోనే ఉంటాడు.

అయినా మా లక్ష్యం విజయవాడ కాదు, లద్దాఖ్. టూరింగ్ బైకు కొనే ప్రతివాడి లక్ష్యమూ అదే, ఎవరినైనా అడగండి. ఖార్‌దుంగ్ లా కనుమ దగ్గర చాలాకాలం 18,380 అడుగులని బోర్డు ఉండేది. కొలిచి చూస్తే 17,582 అని తేలింది. ఎనిమిది వందల అడుగులు గాల్లోనే ఉన్నాయి. బైకుల షీట్లు చదివి చదివి ఉన్నవాడికి ఇదేమీ ఆశ్చర్యం కలిగించదు. శ్రీశైలం దాకా అయినా ముందొకసారి వెళ్దామంటే మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తారు, పులులుంటాయి. ఆ గేటుకు గుర్రాల లెక్కతో పనిలేదు.

పదో నెలలో మా ఆవిడ "నేనూ వస్తా" అంది. షీటులో వెనక సీటుకు వరసే లేదని నాకప్పుడు తట్టింది. మన చట్టం ప్రకారం బండికి వెనక మనిషి పట్టుకోవడానికి పిడి, చీర చక్రంలో పడకుండా అడ్డు ఉండాలి. హిమాలయాలైనా సరే, చీర కంచె తప్పదు. ఆమె రెండు షోరూముల్లోనూ వెనక సీటెక్కింది. ఎక్కడమంటే మామూలు ఎక్కడం కాదు. ఒక చేయి నా భుజమ్మీద, ఒక చేయి సేల్స్ కుర్రాడి భుజమ్మీద, మధ్యలో ఒక ప్లాస్టిక్ స్టూలు. కూర్చుని, కళ్లు మూసుకుని, నడుము ఒకసారి అటూ ఇటూ కదిపి చూసింది. దేవుడికి దండం పెట్టేటప్పుడు కూడా అంత ఏకాగ్రత చూడలేదు నేను.

మొదటి షోరూంలో అంది: "మీరు బ్రేకు వేస్తే నేను మీమీద పడతాను."

రెండోదాంట్లో: "వేయకపోతే వెనక్కి పడతాను."

ఏ మాట ఏ బండి గురించో చెప్పను. కేసు ఇంకా పెండింగులో ఉంది. సేల్స్ కుర్రాడు మాత్రం "మేడమ్, బ్యాక్ రెస్ట్ పెట్టించుకోవచ్చు, ఎక్స్‌ట్రా" అన్నాడు. ఆ కుర్రాడికి ఎక్స్‌ట్రా కానిది లోకంలో నేనొక్కడినే.

చివరికి టెస్ట్ రైడ్. ఇక్కడ సీటు ఎత్తు గురించి చెప్పాలి. ఒకటి 825 మిల్లీమీటర్లు, ఇంకోటి 830. అయిదు మిల్లీమీటర్ల తేడా, అంటే కాస్త మందమైన అట్టు. దీనిమీద బావమరిది దగ్గర పదకొండు వీడియోలున్నాయి. నా కాళ్ల పొడుగు మీద ఒక్కటీ లేదు. కూర్చుంటే రెండు బొటనవేళ్లు నేలను తాకుతున్నాయి, తాకినట్టే ఉన్నాయి. పర్లేదు, ఊరంతా ఇలాగే నడుపుతారు అన్నాడు సేల్స్ కుర్రాడు.

బయటికి బాగానే వెళ్లాను. గాలి, శబ్దం, అద్దంలో నా కొత్త ముఖం. తిరిగొచ్చి షోరూం ముందు యూటర్న్ కోసం ఆగాను. సరిగ్గా అక్కడ నీళ్ల పైపు కోసం తవ్వి, పూడ్చి, మళ్లీ కుంగిన పల్లం ఉంది. ఎడమ కాలు దించాను. నేల లేదు. ఇంకొంచెం దించాను. అక్కడా లేదు. ఆ తర్వాత జరిగింది చాలా నెమ్మదిగా, గౌరవంగా జరిగింది. బండి, నేను కలిసి, పెద్ద మనుషులు గుడిలో సాష్టాంగపడినట్టు, ఎడమవైపుకు ఒరిగాం. వేగం సున్నా. తప్పు బండిది కాదు, నా కాళ్లది, కాదంటే మునిసిపాలిటీది.

నడుము పట్టేయడంతో నేను లేచి చూస్తూ నిలబడ్డాను. అటుగా పోతున్న ఫుడ్ డెలివరీ కుర్రాళ్లిద్దరు ఆగి, ఒక్క ఊపులో బండిని లేపి నిలబెట్టారు. నన్ను మళ్లీ సీటు మీద కూర్చోబెట్టారు కూడా. అందులో ఒకడిది హ్యాండిలుకు పాలిథిన్ కవరు చుట్టిన పాత వందసీసీ బండి. సీటు చిరిగితే సెల్లోటేపు వేశాడు.

"ఎంతిస్తది సార్?" అన్నాడు. మన జాతి మొత్తానికి ఒకటే ప్రశ్న.

"ఇరవై ఎనిమిది, ముప్పై."

వాడు జాలిగా చూశాడు. "నాది అరవై అయిదు దాటి ఇస్తది."

"రోజుకెంత తిరుగుతావు బాబూ?"

"నూటయాభై దాకా అయితది సార్."

పది నెలల అలవాటు కదా, మనసులో లెక్క ఆగలేదు. ఇక్కణ్నుంచి ఢిల్లీ మీదుగా లద్దాఖ్‌లోని లేహ్ దాదాపు రెండువేల అయిదొందల కిలోమీటర్లు. అంటే పదిహేడు రోజులకోసారి ఈ కుర్రాడు మియాపూర్ దాటకుండానే లేహ్ చేరుతున్నాడు. ఏడాదికి ఇరవైసార్లకు పైనే. వెనక పెట్టెతో సహా.

"దీనిమీద ఎటు పోతరు సార్?"

"లద్దాఖ్."

"ఆడ ఏముంటది?"

ఏం చెప్పాలో తోచక, "రోడ్డు" అన్నాను.

వాడు కుంగిన పల్లాన్ని ఒకసారి చూసి, "ఔ మల్ల, ఈడ లేదు గద" అని చాలా సీరియస్‌గా తలూపాడు. ఇంతలో ఫోను మోగింది. రెండు కార్ల మధ్య నాకైతే మోకాలు కూడా పట్టని సందులోంచి దూరి వెళ్లిపోయాడు. నేనింకా ఎడమ కాలితో సైడ్ స్టాండు వెతుక్కుంటున్నాను.