సాయం చేద్దామంటే

ఆపదలో ఉన్నవారికి తోచినంత పంపుదామని విరాళాల యాప్ తెరిస్తే, మనం రాసిన మొత్తం కింద నిర్వహణ ఖర్చులంటూ మరికొంత శాతం ముందే చేర్చి ఉంటుంది. దాన్ని సున్నా చేసే చోటు వెతుక్కునేసరికి ప్రాణం విసిగిపోతుంది. ఒకసారి ఇచ్చామా, ఇక నెలనెలా ఖాతాలోంచి తీసుకునేందుకు అనుమతించమంటూ ఏడుస్తున్న పసిబిడ్డ ఫొటోతో రోజుకో సందేశం. ఆ బిడ్డ ముఖాన్ని లోకమంతా తిప్పడానికి ఎవరు ఒప్పుకున్నారో అడిగే నాథుడు లేడు.

సేవ సంగతీ అంతే. ఐక్యరాజ్యసమితి 1985లో డిసెంబరు 5ను అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినోత్సవంగా ప్రకటించింది, మంచిదే. కానీ ఆ ఒక్కరోజు ఒకే రంగు టీషర్టులు వేసుకొచ్చి ఫొటోలు దిగి వెళ్లేవారికి కొదవ లేకపోయినా, వృద్ధాశ్రమంలో చూపు మందగించిన పెద్దాయనకు వారం వారం వచ్చి పత్రిక చదివి వినిపించే మనిషి మాత్రం దొరకడం లేదు.