బిల్లు లేదు, మలపరీక్ష లేదు... ఇక రీకాల్ ఎక్కడిది?

పల్లీ పండించే పాలమూరు వాళ్లు తెలుసుకోవాల్సిన అమెరికా కేసు ఒకటుంది. 2008 చివర్లో ఆ దేశంలో వేర్వేరు రాష్ట్రాల్లో జనం జ్వరం, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లకు ఒకరితో ఒకరికి సంబంధం లేదు, ఒకే హోటల్లో తిన్నవాళ్లూ కాదు. కానీ మలపరీక్షల్లో మాత్రం ఒకే రకం సాల్మొనెల్లా బ్యాక్టీరియా దొరికింది. మిన్నెసోటాలో వృద్ధులను చూసుకునే ఒక కేంద్రంలో వాడుతున్న పీనట్ బటర్ డబ్బాలోనూ అదే బయటపడింది. అక్కడి నుంచి ఆరా తీస్తూ పోతే, జార్జియా రాష్ట్రంలోని బ్లేక్లీ అనే చిన్న ఊళ్లో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా ఫ్యాక్టరీ దగ్గర తేలింది. అప్పటికే అక్కడి పల్లీ ముద్ద బిస్కెట్లలో, చాక్లెట్లలో, ఐస్‌క్రీముల్లో కలిసిపోయింది. వేల రకాల సరుకును వెనక్కి పిలవాల్సి వచ్చింది. దీన్నే రీకాల్ అంటారు. 714 మంది జబ్బు పడ్డట్టు తేలింది, 9 మంది చనిపోయారు. సాల్మొనెల్లా ఉందని తెలిసి కూడా సరుకు పంపిన యజమానికి 2015లో 28 ఏళ్ల జైలుశిక్ష పడింది.

వేయించిన పల్లీలో బ్యాక్టీరియా ఎక్కడిదని అడగొచ్చు. సరిగ్గా వేయిస్తే చస్తుంది, నిజమే. ఆ ఫ్యాక్టరీలో పైకప్పు కారేది. పచ్చి పల్లీనీ వేయించిన పల్లీనీ సరిగా వేరు చేసేవాళ్లు కాదు. వేయించాక అంటుకున్న సాల్మొనెల్లాను చంపడానికి ఆ తర్వాత మంట ఉండదు. పల్లీ లాంటి పొడి, నూనె సరుకులో అది పెరగదు కానీ నెలల తరబడి బతికే ఉంటుంది. వనపర్తిలోనో అచ్చంపేటలోనో పల్లీపట్టీలు చేసే షెడ్లకు ఈ వివరం చాలా దగ్గరిది.

ఇంతకీ ఆ ఫ్యాక్టరీ ఎలా దొరికింది? రోగుల మలాన్ని ల్యాబుకు పంపారు. ఎవరు ఎవరికి ఏ సరుకు అమ్మారో చెప్పే కాగితం ఉంది. రీకాల్ వార్త రాగానే కంపెనీ పేరు, బ్రాండు పేరు మీదే మన కళ్లు పడతాయి గానీ, దానికి ముందు జరిగే పని ఈ రెండే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ రెండూ దాదాపు లేవు. అందుకే మనకు రీకాల్ అంటే ఎక్కడో జరిగే సంగతిగా, వాట్సాప్‌లో తిరిగే భయంగా మిగిలిపోయింది.

చట్టం లేక కాదు. 2006 ఆహార భద్రత చట్టంలో 28వ సెక్షన్ ఇందుకోసమే ఉంది. 2017లో దానికి విడిగా నిబంధనలు కూడా వచ్చాయి. తయారీదారు, దిగుమతిదారు, హోల్‌సేల్ వ్యాపారి ముందుగానే రీకాల్ ప్లాన్ పెట్టుకోవాలి. ఏ బ్యాచ్ ఎవరికి పోయిందో రాసి ఉంచాలి. చిల్లర దుకాణాలకు మాత్రం ఈ ప్లాన్ అక్కర్లేదు. వాళ్ల దగ్గరికి సరుకు వచ్చేదే పైనుంచి కాబట్టి ఆ మినహాయింపులో తప్పు లేదు. చిక్కంతా హోల్‌సేల్ దుకాణానికీ కిరాణానికీ మధ్య ఉంది. మండల కేంద్రంలో కిరాణం నడిపేవాళ్లు నల్లగొండకో జడ్చర్లకో పోయి సరుకు తెస్తే చేతికొచ్చేది తెల్ల చీటీ. అందులో 'కారం 10, పల్లీ 25' అని ఉంటుంది, బ్యాచ్ ఉండదు. అక్కడి నుంచి అది డబ్బాలోకి, డబ్బా నుంచి పావుకిలో పొట్లంలోకి పోతుంది. ఆ పొట్లాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు.

మన దేశంలో జనానికి గుర్తున్న రీకాల్స్ చూడండి. 2015లో మ్యాగీ, సీసం గొడవ మీద. ఆ ఉత్తర్వును తర్వాత బొంబాయి హైకోర్టు కొట్టేసింది. 2025 జనవరిలో పతంజలి ఫుడ్స్ 4 టన్నుల కారం పొడిని వెనక్కి తీసుకుంది, పురుగుమందు అవశేషాల వల్ల. రెండూ రసాయనాల కేసులే. రెండూ ప్యాకెట్ సరుకులే. మరి బ్యాక్టీరియా సంగతి వస్తే మన ప్రభుత్వం ఏం చేసింది? 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, పచ్చి గుడ్డుతో చేసే, మోమోల్లాంటి వాటితో నంజుకునే మయోనైజ్‌ను రాష్ట్రమంతటా ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డు మయోనైజ్ ప్రమాదకరమే, నిషేధాన్ని నేను తప్పు పట్టను. కానీ ఎవరు చేసిన మయోనైజ్ ఏ బండికి పోయిందో చెప్పే దారి లేనప్పుడు, మొత్తంగా మూసేయడం తప్ప గత్యంతరం ఉండదు. బ్యాచ్ నంబరు ఉన్నచోట ఒక బ్యాచ్ ఆగుతుంది. లేనిచోట జాగ్రత్తగా చేసేవాడి వ్యాపారం కూడా ఆగుతుంది.

ప్యాకెట్టే లేని తిండి సంగతి మరీ కష్టం. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలు వారంలోపే రెండుసార్లు అస్వస్థతకు గురయ్యారు. మొదటిసారే అంత గొడవ జరిగింది. అధికారులు వచ్చారు, చర్యలు తీసుకున్నారు. అయినా రెండోసారి జరిగింది. మధ్యాహ్న భోజనమేనని కొందరు, బయట కొనుక్కున్న చిరుతిళ్లని మరికొందరు అన్నారు. హైకోర్టు కూడా ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తీసుకుంది. నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ వాదులాటే. పూటపూటా వండిన దాంట్లోంచి ఒక చిన్న గిన్నెడు తీసి, మూత పెట్టి, ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ వాదన ల్యాబులో తేలేది. గురుకులాలు, హాస్టళ్లు, బడులు ఇంత చిన్న పని కూడా నిక్కచ్చిగా చేయకపోతే మొదటి పూట తప్పును రెండో పూటకు ముందే పట్టుకోలేం. హాస్టల్ వంటలో రీకాల్‌కు సమానమైన పని అదొక్కటే.

ఇక ల్యాబు. జిల్లాల్లో ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు తీసే నమూనాలు హైదరాబాద్ నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు వెళ్తాయి. నివేదిక ఇవ్వడానికి చట్టం 14 రోజులు గడువిచ్చింది. పనీరు, పెరుగు, కోవా 14 రోజులు ఎవరి కోసమూ ఆగవు.

మనిషి పరీక్ష అంతకంటే అధ్వానం. ఊళ్లో విరేచనాలు పట్టుకుంటే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం. ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్, ఏదో ఒక యాంటీబయోటిక్. తగ్గితే సరి, తగ్గకపోతే టౌను. మలాన్ని కల్చర్ పరీక్షకు, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకు, పంపినవాళ్లు వందకు ఒకరున్నా గొప్పే. యాంటీబయోటిక్ పడ్డాక పంపితే అందులో ఏమీ దొరక్కపోవచ్చు కూడా. దాంతో ఒకే సరుకు వల్ల దేవరకొండలో నలుగురు, కల్వకుర్తిలో ఆరుగురు, కొల్లాపూర్‌లో ముగ్గురు జబ్బు పడినా, అవి మూడు చోట్ల పట్టిన మూడు కడుపునొప్పులే అవుతాయి. వాటిని కలిపి చూసేవాళ్లు ఉండరు. కేసులు కలవకపోతే అనుమానం పుట్టదు. అనుమానమే లేనప్పుడు రీకాల్ ఎందుకు వస్తుంది?

నిజానికి ఇప్పుడు మనకు సాకు లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అన్నాక మైక్రోబయాలజీ విభాగం ఉండాల్సిందే. ఫుడ్ పాయిజనింగ్ కేసులను డాక్టర్లు తెలియజేయాలని ఆదేశించే అధికారం ఆహార భద్రత చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. సీట్ల సంఖ్య, భవనాల ఫొటోల గురించి మాట్లాడినంతగా, ఆ ల్యాబుల్లో నెలకు ఎన్ని మల నమూనాలు కల్చర్ చేస్తున్నారని మన ఎమ్మెల్యేలను అడిగినవాళ్లను నేను చూడలేదు.

వ్యవస్థ మారేదాకా ఇంట్లో ఏం చేయాలి? మొదట ఒక నమ్మకాన్ని వదులుకోవాలి. 'బాగా మరిగిస్తే ఏదైనా చస్తుంది' అన్నది సగమే నిజం. లోపలిదాకా 75 డిగ్రీల వేడి తగిలితే సాల్మొనెల్లా చస్తుంది. కానీ వండేవాళ్ల చేతి పుండు నుంచి కోవాలోకో పనీరులోకో చేరే స్టెఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా ఒక విషాన్ని వదులుతుంది, అది మరిగించినా పోదు. దావత్ అయ్యాక గంజులో రాత్రంతా మూతపెట్టి ఉంచిన బగారా అన్నంలో పెరిగే 'బాసిల్లస్ సీరియస్' అనే బ్యాక్టీరియా సంగతీ అంతే. పొద్దున వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ వాంతులు తెప్పించే విషం మిగులుతుంది. ఫ్రిజ్ మీద భరోసా కూడా పూర్తిగా పనికిరాదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో తినడానికి సిద్ధంగా అమ్మే మాంసం ముద్దల్లోని లిస్టీరియా వల్ల వెయ్యి మందికి పైగా జబ్బు పడి, 200 మందికి పైగా చనిపోయారు. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లకే దాని దెబ్బ ఎక్కువ. వాసన చూసి, రుచి చూసి తేల్చడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా చాలాసార్లు వాసన మార్చదు.

కాబట్టి ఒక సరుకును వెనక్కి పిలిచారని వార్త వస్తే, బ్రాండు మొత్తాన్ని తిట్టుకునే ముందు బ్యాచ్ నంబరు, తేదీ చూసుకోండి. మీ దగ్గరున్నది అదే అయితే వండి చూద్దామనో, పారేయడం ఎందుకని బర్రెకు పెడదామనో అనుకోవద్దు. కవరుతో సహా విడిగా కట్టి పెట్టి, ఫొటో తీసుకుని, కొన్నచోట తిరిగి ఇవ్వండి. అది పెట్టిన డబ్బా, గరిట, ఫ్రిజ్ అర కడుక్కోండి. డబ్బాలో పోసుకునే ఇళ్లలో కవరు అదేరోజు చెత్తలో పడుతుంది. సరుకు అయిపోయేదాకా ఆ కవరును దాచడం మనం అలవాటు చేసుకోవాల్సిన పని. కారం విషయంలో ఇంకో మాట. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007-09 మధ్య పరీక్షించిన దిగుమతి మసాలా సరుకుల్లో 6.6 శాతంలో సాల్మొనెల్లా దొరికింది. కూరలో ఉడికితే భయం లేదు. జామకాయ ముక్కల మీద చల్లిన కారానికి మాత్రం పొయ్యి తగలదు.

జబ్బు పడితే డాక్టరుకు చివరి భోజనం ఒక్కటే చెప్పకండి. స్టెఫిలోకోకస్ గంటల్లో వాంతి చేయిస్తుంది, సాల్మొనెల్లాకు కొన్నిసార్లు ఐదారు రోజులు పడుతుంది, లిస్టీరియాకు వారాలు. నిన్నటి పెళ్లి విందును తిట్టుకుంటాం, అసలు దోషి మొన్నటి ఐస్‌క్రీం అయి ఉండొచ్చు. ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టండి. మలంలో రక్తం, తగ్గని జ్వరం ఉంటే, పసిబిడ్డ మూత్రం తగ్గితే ఆగొద్దు. మలపరీక్ష చేయించమని మీరే అడగండి.

ఫిర్యాదుకు కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1800-11-2100, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లే ఫీజు కట్టి సరుకును పరీక్షకు పంపొచ్చు, కొనేటప్పుడే అమ్మేవాళ్లకు ఆ మాట చెప్పాలి. తప్పు తేలితే ఫీజు తిరిగి వస్తుంది. ప్రాణం పోతే కనీసం 5 లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే 3 లక్షల దాకా పరిహారమని 65వ సెక్షన్ చెబుతోంది. వీటన్నిటికీ 'ఎక్కడ కొన్నారు, రుజువేది?' అన్న ప్రశ్న మొదట వస్తుంది.

బిల్లుల మీద వ్యాపారి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలని 2022 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. చిన్న కిరాణం నడిపేవాళ్లను ఈ విషయంలో పీడించడం నాకు ఇష్టం లేదు. పావుకిలో పల్లీలకు బిల్లు రాయమంటే వాళ్లు నవ్వుతారు, నవ్వాలి కూడా. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో రోజుకు వందల బస్తాలు దించే హోల్‌సేలర్లకు కంప్యూటర్లున్నాయి, గుమాస్తాలున్నారు. బస్తా మీది బ్యాచ్ నంబరును చీటీ మీద ఎక్కించడానికి వాళ్లకు పట్టేది అరనిమిషం. అధికారులు తనిఖీ మొదలుపెట్టాల్సింది అక్కడే.