ఒకాయు గారి పరిపాలన

జపాన్‌ని ఏలేది ప్రధానమంత్రి అని చాలామంది అనుకుంటారు, పాపం వాళ్ళ తప్పేం లేదు, టీవీలో అలాగే చూపిస్తారు. ప్రధానమంత్రులు వస్తుంటారు పోతుంటారు, ఏడాది తిరక్కుండానే ఇంటికెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వెయ్యేళ్ళకి పైగా కుర్చీ దిగనిది మాత్రం బియ్యం జావ. అసలు పేరు కాయు, ముందు ఓ 'ఒ' తగిలించి ఒకాయు అంటారు, అది మన 'గారు' టైపు. రామెన్‌కి గానీ కర్రీకి గానీ దక్కని మర్యాద జావకి దక్కింది, అక్కడే అర్థమైపోవాలి ఎవరి మాట చెల్లుతుందో.

ఈ శాఖలో హోదాలు మామూలుగా ఉండవు. ఒక వంతు బియ్యానికి ఐదు వంతుల నీళ్ళు పోస్తే జెన్‌గాయు, ఇది పూర్తి స్థాయి జావ. ఏడు వంతులైతే షిచిబు, పదైతే గోబు, ఇరవై దాకా వెళ్తే సాంబు, ఇంకా కిందకి దిగితే మెతుకన్నదే లేకుండా వడకట్టిన ఓమోయు, అంటే మన గంజే. కడుపు ఆపరేషన్ అయిన మనిషిని ఆసుపత్రిలో ఓమోయు దగ్గర ట్రైనీ కింద చేర్చుకుంటారు. అక్కణ్ణుంచి సాంబు, గోబు, జెన్‌గాయు అంటూ ఒక్కో మెట్టూ ప్రమోషన్, చివరికి మామూలు అన్నం చేతికొస్తే రిటైర్మెంట్ బెనిఫిట్స్ అందినట్టే. మంత్రిగారి లెటర్ తెచ్చినా సాంబు నుంచి డైరెక్టుగా అన్నంలోకి దూకనివ్వరు. పిల్లలైతే ఐదారు నెలలకే పది వంతుల నీళ్ళ జావతో సర్వీసులో చేరతారు, ముసలై పళ్ళూడాక మళ్ళీ అదే పోస్టింగు. రైస్ కుక్కర్ గిన్నెలో కూడా ఒకాయుకి నీళ్ళ గీత విడిగా ఉంటుంది, అన్నం గీతతో కలపరు. జ్వరమొస్తే జావ మధ్యలో ఉమేబోషి అని ఓ పుల్లటి ఉప్పటి ఊరగాయ పెడతారు (మన పథ్యంలో పాత చింతకాయ పచ్చడి చేసే ఉద్యోగమే దానిదీ).

ఇక జనవరి 7. ఏడు ఆకులేసిన జావ, నానాకుసా గాయు తాగే రోజు, కొత్త సంవత్సరం పేరుతో వారం పాటు మోచీలనే బియ్యపు ముద్దలూ, సాకే అనే బియ్యపు మందూ పట్టించిన కడుపుకి క్రమశిక్షణ చర్య అనుకోండి. సెరి, నజునా, గోగ్యో, హకోబెరా, హోతోకెనోజా, సుజునా, సుజుషిరో, చదువుతుంటే సంకల్పం చెప్పుకున్నట్టుంటుంది. ఆ చివరి ఇద్దరూ ఎవరో మహానుభావులు అనుకునేరు, ఒకటి టర్నిప్పు, ఇంకోటి ముల్లంగి, పండక్కి మారుపేర్లతో వస్తాయంతే. ఆకులు తరిగేటప్పుడు చైనా పక్షులు జపాన్‌కి రాకముందే అంటూ పాట పాడే ఆచారం కూడా ఉంది, పక్షులు రోగాలు మోసుకొస్తాయని భయం. ఇమిగ్రేషన్ డ్యూటీ కత్తిపీటకి అప్పజెప్పిన దేశం ఇంకోటి చూపించండి.

షోగన్లనే సైనిక పాలకుల కాలంలో ఇది అధికారిక పండగ. వాళ్ళ తర్వాత చక్రవర్తి పేరుతో వచ్చిన మెయ్‌జీ సర్కారు 1873లో పాత పంచాంగం పక్కనపడేసి ఇంగ్లీషు క్యాలెండర్ పెట్టింది, ఈ పండగ హోదా కూడా పీకేసింది. పాత లెక్కలో ఆ తేదీ చాలాసార్లు ఫిబ్రవరిలోకి వచ్చేది, చిగుళ్ళు మొలిచే టైము. కొత్త లెక్కలో నడి చలికాలం. జీవో మనుషులకి అందింది గానీ ఆకులకి ఎవరూ కాపీ పంపలేదు, అవి వాటి టైముకే మొలుస్తామని కూర్చున్నాయి, దాంతో గ్రీన్‌హౌసుల్లో పెంచి సూపర్‌మార్కెట్లో ఏడూ కలిపి ప్యాకెట్టు కట్టి అమ్ముతున్నారు. 150 ఏళ్ళు దాటాయి, రద్దయిన పండగ ప్యాకెట్లో భద్రంగా ఉంది, రద్దు చేసిన సర్కారే లేదు.

దీని వెనక సిద్ధాంతం మనదగ్గర నుంచే వెళ్ళింది. ఆయుష్షు, రంగు, బలం, మాటకారితనం, అరుగుదల ఇలా జావకి పది లాభాలున్నాయని బుద్ధుడు చెప్పినట్టు వినయ గ్రంథాల్లో, అంటే భిక్షువుల నియమాల పుస్తకాల్లో ఉంది, జపాన్‌లో జెన్ అనే బౌద్ధ శాఖ మఠాల్లో ఆ పది లాభాల శ్లోకం చదివాకే పొద్దున జావ తాగుతారు. డోగెన్ అనే గురువు 1237లో మఠం వంటవాడి డ్యూటీ మీద ఏకంగా ఓ గ్రంథమే రాశాడు. ఆయన పెట్టిన ఎయ్‌హెయ్‌జి మఠంలో ఇప్పటికీ టిఫిను జావ, నువ్వుల ఉప్పు, ముల్లంగి ఊరగాయ, ఆ ఊరగాయని కూడా కరకరమనే చప్పుడు రాకుండా నమలాలి, నాకైతే మోక్షమే సులువనిపిస్తుంది. మనం గంజికి హోదా ఇవ్వలేదని కాదు, ఖద్దరు చొక్కాకి పెట్టి అసెంబ్లీ దాకా పంపించాం, కాకపోతే తాగినవాడికన్నా తొడుక్కున్నవాడికే బలం ఎక్కువొచ్చింది.

క్యోటోలో హ్యోతేయి అని నాలుగొందల ఏళ్ళ నాటి హోటలుంది. మెయ్‌జీ కాలంలో గియోన్ అనే గెయిషాల పేట వీధుల్లో రాత్రంతా ఎంజాయ్ చేసినవాళ్ళు తెల్లారి వచ్చి ఓనర్ని నిద్రలేపి ఏదైనా పెట్టమంటే జావ కాచి పోశారట. ఇప్పుడు అదే జావకి ఎండాకాలం పొద్దున్నే మర్యాదస్తులు ముందుగా బుక్ చేసుకుని వేల యెన్లు కట్టి నిశ్శబ్దంగా తాగి వెళ్తున్నారు, ముందురాత్రి ఎంజాయ్‌మెంట్ లేకుండానే.

వాతావరణ శాఖ, ప్లానింగ్ కమిషన్ కూడా జావ కిందే. సాగా ప్రాంతంలో చిరికు హచిమాన్ గుడిలో ఫిబ్రవరి 26న జావ కాచి మూతపెట్టి, మార్చి 15న తీసి దాని మీద పట్టిన బూజు చూసి ఆ ఏడు పంటలూ వానలూ ఎలా ఉంటాయో చెప్తారు. మన ఫ్రిజ్‌లో ఎన్ని భవిష్యత్తులు పారబోశామో తల్చుకుంటే బాధేస్తుంది. సువా గుడిలో అయితే జనవరి 14 రాత్రి రెల్లు గొట్టాలు జావలో వేసి ఉడకబెట్టి, తెల్లారి చీల్చి, లోపలికి ఎంత జావ దూరిందో చూసి పంటపంటకీ ఫలితం ప్రకటిస్తారు. అందులో ఒక గొట్టం మాత్రం ప్రత్యేకంగా లోకం కోసం, మొత్తం లోకం పరిస్థితి ఈ ఏడు ఎలా ఉంటుందో దానికి ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తారు. మూడున్నర చుట్టుపక్కలే పడుతుంటుంది, మన బిర్యానీ సెంటర్ రేటింగంత. పేపర్లు చూస్తుంటే అర మార్కు ఎక్కువే వేశారనిపిస్తుంది, కానీ రీకౌంటింగ్‌కి పెట్టుకుందామంటే ఆ జావ ఈపాటికి ఎవరో తాగేసి ఉంటారు.